రుజువు లేని నింద

ఫ్రాన్స్‌లో 1900లో పుట్టిన హెలె నీస్ పారిస్‌లో పేరున్న డాన్సరు. మోకాలు దెబ్బతిని ఆట ఆగితే, స్టీరింగు పట్టింది! 1929లో మోంట్లేరీలో ఆడవాళ్ళ పందెం గెలిచింది. ఆపైన బుగట్టి కారులో మగవాళ్ళతోనే పోటీ. 1936లో బ్రెజిల్‌లో కారు జనంలోకి దూసుకుపోయి కొందరు చనిపోయారు. తనూ మూడు రోజులు స్పృహలో లేదు. అయినా కోలుకుంది.

యుద్ధం ముగిశాక, 1949లో మాంటెకార్లో ర్యాలీకి వచ్చింది. అక్కడి విందులో పేరుమోసిన రేసరు లూయీ షిరాన్ అందరి ముందూ ఆమెను జర్మన్ల గూఢచారి అనేశాడు. రుజువు చూపలేదు. మగ రేసరునే అలా అంటే ఊరుకునేవారా? స్పాన్సర్లు, స్నేహితులు, ప్రియుడు... ఒక్కొక్కరే తప్పుకున్నారు.

1984లో నీస్ నగరంలో, సహాయ సంస్థ ఇచ్చే డబ్బుతో బతుకుతూ కన్నుమూసింది. తోబుట్టువే ఆమె పేరు కుటుంబ సమాధిపై చెక్కనివ్వలేదు. తర్వాత ఆమె జీవితచరిత్ర రాసిన మిరాండా సీమోర్ ఎంత వెతికినా, ఆ నిందకు ఆధారమే దొరకలేదు. సమాధి దగ్గర ఆమె పేరుతో ఫలకం పెట్టింది 2010లో!