చేపల కొట్టు మీద పుట్టిన గొంతు

గ్రేసీ ఫీల్డ్స్ పేరు మన క్యాంపస్‌లో అడిగితే బహుశా ఒక్కరు కూడా చెప్పలేరు. కానీ 1930లలో ఇంగ్లండులో ఈ పేరు తెలియని ఇల్లు లేదు. నాటకశాలల్లో పాడింది, నటించింది, నవ్వించింది. సినిమాల్లోకి వచ్చాక ప్రపంచంలోనే ఎక్కువ పారితోషికం తీసుకునే తార అని పత్రికలు రాసేంత ఎత్తుకు వెళ్ళింది. అదే దేశం ఒకే ఒక్క సంవత్సరంలో ఆమెని పారిపోయిన మనిషి అంది. ఆమె గురించి రాయాలనిపించింది ఆ ఒక్క సంవత్సరం కోసమే. కాకపోతే అక్కడికి వెళ్ళాలంటే మొదటి నుంచి రావాలి.

అసలు పేరు గ్రేస్ స్టాన్స్‌ఫీల్డ్. 1898 జనవరి 9న లంకాషైర్‌లోని రోచ్‌డేల్ అనే ఊళ్ళో పుట్టింది. పుట్టిన చోటు కూడా విచిత్రమే. వాళ్ళ అమ్మమ్మ నడిపే ఫిష్ అండ్ చిప్స్ కొట్టు పైన ఉన్న గదిలో. కింద నూనెలో చేపలు వేగుతుంటే పైన ఈమె ఏడ్చి ఉంటుంది. రోచ్‌డేల్ అంటే నూలు మిల్లుల ఊరు. పొగ గొట్టాలు, సైరన్లు, తెల్లారకముందే పనికి వెళ్ళే ఆడవాళ్ళు. వాళ్ళమ్మ జెన్నీకి స్టేజీ అంటే ప్రాణం. తను ఎక్కలేకపోయిన స్టేజీ పిల్లలు ఎక్కాలని పట్టుబట్టింది. గ్రేసీ ఒక్కతే కాదు, ఇద్దరు చెల్లెళ్ళు, తమ్ముడు కూడా చివరికి స్టేజీ మీదకే వచ్చారు. పిల్లల ర్యాంకుల వెంటపడే అమ్మలు మనకి బాగా తెలుసు, జెన్నీ పాటల వెంటపడే అమ్మ.

ఆ రోజుల్లో అక్కడ హాఫ్ టైమర్ అనే పద్ధతి ఉండేది. పన్నెండేళ్ళు వస్తే పిల్లలు సగం రోజు మిల్లులో పని చేసి, మిగతా సగం బడికి వెళ్ళాలి. చట్టప్రకారమే! గ్రేసీ కూడా అలాగే నూలు మిల్లులో పని చేసింది. ఆ చప్పుడులో మాట వినపడదు, పెదాల కదలిక చూసి అర్థం చేసుకోవాలి. ముఖంతోనే కబుర్లు చెప్పుకునే ఆ జనం మధ్య పెరిగింది కాబట్టే ఆమె ముఖం అంత బాగా మాట్లాడేదేమో అని నా అనుమానం. రుజువు మాత్రం అడగొద్దు.

టీనేజ్‌లో ఊరూరూ తిరిగే బృందాల్లో చేరింది. ఆర్చీ పిట్ అనే కమెడియన్ ఆమెలో ఏముందో పసిగట్టి, తన షోలలో పెట్టుకున్నాడు. 'మిస్టర్ టవర్ ఆఫ్ లండన్' అనే రివ్యూతో 1918 నుంచి ఏళ్ళ తరబడి ఇంగ్లండు ఊళ్ళన్నీ తిరిగారు. రివ్యూ అంటే పాటలు, స్కిట్లు, డాన్సులు కలిపిన షో అన్నమాట. వారానికో ఊరు, అదే షో, రాత్రికి రెండు ఆటలు. ఒకే జోక్‌కి వందల ఊళ్ళలో నవ్వు రప్పించాలంటే ఎంత ప్రాక్టీసు కావాలో చూడండి. 1923లో ఆ షో లండన్ అల్హంబ్రా థియేటర్‌కి వచ్చేసరికి, అప్పటిదాకా పేరు కూడా వినని లండన్ పత్రికలు ఒక్కసారిగా ఆమె గురించి రాయడం మొదలుపెట్టాయి. వాళ్ళకి ఆమె కొత్త ముఖం. ఆమెకి మాత్రం అప్పటికే ఏళ్ళ అనుభవం. ఆ సంవత్సరమే ఆర్చీని పెళ్ళి చేసుకుంది. ఆ పెళ్ళిలో సుఖం లేదు. వ్యాపారం మాత్రం బాగా నడిచింది.

1928 వచ్చేసరికి ఆమె రాత్రులు ఎలా ఉండేవంటే, ముందు సెయింట్ జేమ్స్ థియేటర్‌లో సర్ జెరాల్డ్ డ్యూ మోరియే లాంటి పెద్ద నటుడి పక్కన సీరియస్ నాటకం. అది కాగానే మేకప్‌తోనే అల్హంబ్రాకి పరుగు, అక్కడ పాటలు, కామెడీ. తర్వాత కెఫే రాయల్‌లో డబ్బున్నవాళ్ళ ముందు మళ్ళీ పాటలు. ఒకే రాత్రి మూడు రకాల జనం! ఆ ఏడాదే గ్రామఫోను రికార్డులు కూడా మొదలయ్యాయి.

ఆమె గొంతు గురించి కొంచెం ఆగి చెప్పాలి. చాలా పై స్థాయికి తేలిగ్గా వెళ్ళే సోప్రానో గొంతు అది. కావాలనుకుంటే ఒపెరా పాట పాడగలదు. భక్తి పాట పాడి హాలంతా నిశ్శబ్దం చేసి, మరుక్షణం అదే గొంతుని వంకర తిప్పి పిచ్చి పాట అందుకుంటే జనం పొట్టలు పట్టుకునేవాళ్ళు. యూట్యూబ్‌లో పాత రికార్డులు ఉన్నాయి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటి నిమిషం గరగర తప్ప ఏమీ నచ్చదు, తర్వాత అలవాటవుతుంది.

ఇంకో సంగతి, యాస. లండన్ స్టేజీ మీద రాణించాలంటే లండన్ పెద్దింటి ఇంగ్లీషు మాట్లాడాలి అనేది అప్పటి రూలు. గ్రేసీ మాత్రం రోచ్‌డేల్ యాస వదల్లేదు. రాజుగారి ముందు కూడా. ఇంటర్వ్యూ ప్యానెల్ ముందు ఊరి యాసని గొంతులోనే నొక్కేసుకుని, అరువు తెచ్చుకున్న యాక్సెంట్‌తో మాట్లాడే మనలాంటి వాళ్ళకి ఈ ముక్క కొంచెం గుచ్చుకుంటుంది. ఇంగ్లీష్ మీడియం అని మనం గొప్పగా చెప్పుకునే ఆ ఇంగ్లీషుకి దాని సొంత దేశంలోనే ఇన్ని యాసలు, ఇన్ని చిన్నచూపులు ఉన్నాయని నాకు ఈమె వల్లే తెలిసింది.

1931లో మొదటి సినిమా 'శాలీ ఇన్ అవర్ ఆలీ' వచ్చింది. అందులోని శాలీ పాట ఆమెకి ఇంటిపేరు లాంటిదైపోయింది. నిజానికి అది ఒక మగవాడు ప్రియురాలి కోసం పాడాల్సిన పాట. అయినా జీవితాంతం ఏ స్టేజీ ఎక్కినా జనం అదే అడిగారు, ఆమె అదే పాడింది.

నాకు ఎక్కువ ఆసక్తి అనిపించింది 1934 నాటి 'సింగ్ యాజ్ వి గో'. కథ రాసింది జె. బి. ప్రీస్ట్లీ, తీసింది బేసిల్ డీన్. నూలు మిల్లు మూతపడుతుంది, పని పోయిన హీరోయిన్ సైకిలెక్కి బ్లాక్‌పూల్ అనే సముద్రతీర ఊరికి పని వెతుక్కుంటూ పోతుంది. చివర్లో మిల్లు మళ్ళీ తెరుచుకుంటుంది, కార్మికులంతా ఆమె వెనకాల పాడుకుంటూ లోపలికి నడుస్తారు. ఆ మిల్లులు నిజంగా ఎందుకు మూతపడుతున్నాయో చూస్తే కథ మన దగ్గరికే వస్తుంది. జపాన్ పోటీ ఒక కారణం, భారతదేశంలో పెరిగిన సొంత మిల్లులు ఒక కారణం, విదేశీ వస్త్ర బహిష్కరణ ఇంకో కారణం. 1931లో గాంధీజీ లంకాషైర్‌లోని డార్వెన్‌కి వెళ్ళి, పని పోయిన ఆ మిల్లు కూలీలనే కలిశారు. స్కూల్లో మనం మంటల్లో వేసిన మిల్లు బట్టల గురించి చదివాం. ఆ బట్ట నేసిన ఊళ్ళలో ఎవరున్నారో ఏ పాఠంలోనూ చదవలేదు. ఈ సినిమాలో కనిపించేది వాళ్ళే. మనవాళ్ళు చేసింది తప్పని కాదు. అవతలి వైపు కూడా ఆకలే ఉందని.

డబ్బు వరదలా వచ్చింది. ట్వెంటీయెత్ సెంచరీ ఫాక్స్ వాళ్ళతో నాలుగు సినిమాలకి 2 లక్షల పౌండ్ల ఒప్పందం. వచ్చింది వచ్చినట్టే పంచింది కూడా. రంగస్థల కళాకారుల పిల్లల కోసం పీస్‌హేవెన్‌లో ఒక అనాథాశ్రమం నడిపించింది. 1937లో సొంత ఊరు రోచ్‌డేల్ ఆమెకి ఊరి గౌరవ పౌరసత్వం ఇచ్చింది, మరుసటి ఏడాది సీబీఈ బిరుదు.

1939లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. ఆపరేషన్ జరిగితే దేశమంతా ఏదో సొంత మనిషికి జబ్బు చేసినట్టు కదిలిపోయింది. చర్చిల్లో ప్రార్థనలు చేశారు, ఆసుపత్రికి ఉత్తరాలు గుట్టలుగా వచ్చిపడ్డాయి. ఇంకా పూర్తిగా కోలుకోకముందే యుద్ధం వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే ఫ్రాన్స్‌లో ఉన్న బ్రిటిష్ సైనికుల ముందు పాడింది.

ఆర్చీతో విడాకులయ్యాక, 1940 మార్చిలో దర్శకుడు మాంటీ బ్యాంక్స్‌ని పెళ్ళాడింది. ఆయన అసలు పేరు మారియో బియాంకీ. ఇటలీ వాడు. జూన్ 10న ఇటలీ యుద్ధంలోకి దిగింది. అంతే, ఆయన ఒక్క రోజులో శత్రుదేశస్తుడు అయిపోయాడు. బ్రిటన్‌లో ఉంటే నిర్బంధ శిబిరమే. ఇద్దరూ ఉత్తర అమెరికాలో ఉండిపోయారు. గ్రేసీ కెనడా, అమెరికా ఊళ్ళు తిరిగి కచేరీలు చేసి, బ్రిటన్ యుద్ధ నిధులకి పెద్ద మొత్తాలు పోగుచేసింది. కానీ ఇంటి దగ్గర పత్రికలు రాసింది వేరు. నగలు, డబ్బు మూటగట్టుకుని పారిపోయిందన్నారు. పార్లమెంటులో కూడా ప్రశ్నలు వేశారు.

ఇక్కడ ఒక ఓడ గురించి చెప్పాలి. 1936లో సౌతాంప్టన్‌లో ఒక పాడిల్ స్టీమర్‌ని ఆమే స్వయంగా నీళ్ళలోకి వదిలింది. దాని పేరు గ్రేసీ ఫీల్డ్స్. 1940 మే నెలాఖరున ఆ ఓడ డంకిర్క్ తీరం నుంచి సైనికుల్ని తీసుకొస్తుంటే బాంబు పడి మునిగిపోయింది. ఆమె పేరున్న ఓడ సైనికుల కోసం సముద్రం అడుగుకి పోయిన కొన్ని వారాలకే, ఆమె పేరుని పత్రికలు బురదలో ముంచాయి. ఏడాది కింద ఉత్తరాలు రాసిన చేతులే అప్పుడు ఆ పత్రికలు కొని చదివాయి. ట్రోలింగ్ ఇంటర్నెట్‌తోనే పుట్టిందనుకునే వాళ్ళు దీన్ని ఒకసారి చదవాలి. మొగుణ్ణి శిబిరానికి పంపి తను స్టేజీ మీద నవ్వుతూ నిలబడి ఉంటే అప్పుడు దేశభక్తి అనేవాళ్ళా? నాకు మాత్రం ఆమె చేసిందాంట్లో తప్పు కనపడదు.

ఆమె పెద్దగా వాదించలేదు. 1941లో బ్రిటన్‌కి వచ్చి ఫ్యాక్టరీలు, సైనిక శిబిరాలు తిరిగి పాడి వెళ్ళింది. తర్వాత మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఈసీఈ వాళ్ళ కోసం ఒక ముక్క: 1942లో బ్రిటన్ ససెక్స్‌లో ఒక భారీ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ పెట్టి, జర్మన్ల రేడియోలోకి దొంగ ప్రసారాలు చొప్పించింది. దానికి పెట్టిన పేరు ఆస్పిడిస్ట్రా. గ్రేసీ పాడిన ఒక కామెడీ పాటలో ఆకాశమంత పెరిగిపోయే కుండీ మొక్క పేరది! పారిపోయిందన్న మనిషి పాట పేరే దేశం తన రహస్య ఆయుధానికి పెట్టుకుంది.

హాలీవుడ్‌లో కొన్ని సినిమాలు చేసింది, 1945తో సినిమాలు ఆపేసింది. 1947లో బీబీసీ రేడియో కోసం 'గ్రేసీస్ వర్కింగ్ పార్టీ' అని కార్మికుల ఊళ్ళు తిరుగుతూ చేసిన కార్యక్రమం మొదలైంది ఎక్కడనుకుంటున్నారు? రోచ్‌డేల్‌లోనే. జనం వచ్చారు. కోపం కరిగిందో, మర్చిపోయారో, మొత్తానికి వచ్చారు.

1950లో మాంటీ రైలు ప్రయాణంలో గుండెపోటుతో పోయాడు. ఇటలీలోని కాప్రీ ద్వీపంలో ఆమెకి ముందే ఇల్లుండేది, అక్కడే స్థిరపడింది. రెండేళ్ళకి అదే ద్వీపంలో రేడియోలు రిపేర్ చేసే బోరిస్ అల్పెరోవిచీని పెళ్ళాడింది. హార్డ్‌వేర్ వాళ్ళకీ ఎక్కడో ఆశ ఉందన్నమాట. 1956లో అమెరికన్ టీవీలో అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ పాత్ర వేసింది. తెర మీద ఆ పాత్ర వేసిన మొదటి నటి ఈమే.

1978లో రోచ్‌డేల్‌లో ఆమె పేరుతో కట్టిన థియేటర్‌ని తనే వచ్చి ప్రారంభించింది. ఆ ఏడాదే ఎనభయ్యేళ్ళ వయసులో లండన్‌లో రాజకుటుంబం ముందు జరిగే రాయల్ వెరైటీ షోలో పాడింది. మళ్ళీ శాలీ పాటే. 1979 మొదట్లో డేమ్ బిరుదు ఇచ్చారు. ఆ సెప్టెంబర్ 27న కాప్రీలో కన్నుమూసింది, సమాధి కూడా ఆ ద్వీపంలోనే ఉంది. 2016లో రోచ్‌డేల్ టౌన్ హాల్ ముందు ఆమె విగ్రహం పెట్టారు, చెయ్యెత్తి పాడుతున్నట్టుగా.