పద్దు చూపమన్న రచయిత - జార్జ్ ఆర్వెల్

ఇంగ్లీషువారి మాటల్లో, ముఖ్యంగా వారి ఆఫీసు ఉత్తరాల్లో, ఒక జాతి పదబంధాలు పదే పదే ఎదురవుతాయి. ‘ఆల్ థింగ్స్ కన్సిడర్డ్’, ‘టేకింగ్ ఎవ్రిథింగ్ ఇంటు అకౌంట్’, ‘ఆన్ బాలెన్స్’, ‘ఇన్ వ్యూ ఆఫ్’, ‘హావింగ్ రిగార్డ్ టు’ - ఇలాంటివన్నమాట. అన్నిటి సారాంశం ఒక్కటే: సంగతులన్నీ ఆలోచించే ఈ మాట చెబుతున్నాం అని. వినడానికి ఎంతో పెద్దమనిషి తరహాగా ఉంటుంది. కాని ఏయే సంగతులు ఆలోచించారు, ఎవరు ఆలోచించారు అని అడగడం నేర్పినవాడు జార్జ్ ఆర్వెల్. ‘యానిమల్ ఫార్మ్’, ‘1984’ నవలల రచయితగా ఆయన మనకందరికీ పరిచితుడే. ఈ రెండో ముఖాన్ని మన విద్యార్థి మిత్రుల ముందుంచాలని ఈ నాలుగు మాటలు రాయబూనుకున్నాను.

ఆయన అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. 1903 జూన్ 25న మన దేశంలోనే, బీహారులోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. ఏడాది నిండిన పసివాణ్ణి తల్లి ఇంగ్లండు తీసుకుపోయింది. ఈటన్‌లో చదువు ముగించి, తోటివారంతా యూనివర్సిటీలకు వెళ్తుంటే తాను మాత్రం 1922లో బర్మా పోలీసు ఉద్యోగంలో చేరాడు. సామ్రాజ్యం ఏ భాషలో ఉత్తర్వులు రాస్తుందో, ఆ ఉత్తర్వు చివరకు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఐదేళ్ళు దగ్గరుండి చూశాడు. ఉరికంబం ఎక్కబోయే ఖైదీ దారిలో నీటిగుంట కనబడితే కాలు తడవకుండా పక్కకు తప్పుకోవడాన్ని ఆయన ఒక వ్యాసంలో వర్ణించాడు. ఆ చిన్న కదలికలో నిండు ప్రాణం కనబడుతుంది. ఏ ఉత్తర్వులోనైనా ఆ నీటిగుంటకు చోటుంటుందా? ఉండదు. 1927లో సెలవు మీద ఇంగ్లండు వెళ్ళి ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు.

తర్వాత పారిస్ హోటల్లో అంట్లు తోమాడు. లండన్‌లో దేశదిమ్మరుల మధ్య పడుకున్నాడు. ఆ అనుభవాలతో 1933లో మొదటి పుస్తకం వెలువరిస్తూ జార్జ్ ఆర్వెల్ అన్న పేరు పెట్టుకున్నాడు. 1936లో ఉత్తర ఇంగ్లండు బొగ్గుగనుల ప్రాంతానికి వెళ్ళాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘ది రోడ్ టు విగన్ పియర్’ పుస్తకంలో ఒక నిరుద్యోగ గనికార్మికుని ఇంటి ఖర్చు పద్దు పద్దుగా అచ్చువేశాడు. వారానికి వచ్చే భృతి 32 షిల్లింగులు. అద్దెకే 9 షిల్లింగుల పైచిలుకు. పిండికింత, బొగ్గుకింత, పాలకింత, ఆఖరికి యూనియన్ చందా 3 పెన్నీలు కూడా! పేదల పరిస్థితిని పరిగణించాం అని ఊరుకోలేదు. పరిగణించినదేమిటో మన కళ్ళముందు పరిచాడు. ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న ఘట్టమిది.

స్పెయిన్ యుద్ధానికి వెళ్ళి 1937 మేలో గొంతులో తుపాకి గుండు తగిలి, చావు తప్పి బయటపడ్డాడు. 1941 నుంచి 1943 దాకా బి.బి.సి. వారి భారతీయ ప్రసారాల్లో పనిచేశాడు. ఆయన ఇంగ్లీషులో రాసిన వార్తాసమీక్షలు తమిళం, బెంగాలీ, మరాఠీ, గుజరాతీ భాషల్లోకి తర్జుమా అయి ప్రసారమయ్యేవి. సెన్సారు దాటిన మాట ఎలా ఉంటుందో అక్కడ తెలిసివచ్చింది. ‘యానిమల్ ఫార్మ్’ రాస్తే, రష్యా మిత్రదేశంగా ఉన్న ఆ సమయంలో పేరున్న ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పిపంపారు. చివరకు 1945 ఆగస్టులో వెలువడింది. ఆ మార్చిలోనే భార్య ఐలీన్ ఆపరేషను బల్ల మీద కన్నుమూసింది.

ఆ దుఃఖం ఆరకముందే, 1946 ఏప్రిల్‌లో ‘హొరైజన్’ పత్రికలో ‘పాలిటిక్స్ అండ్ ది ఇంగ్లీష్ లాంగ్వేజ్’ అనే వ్యాసం ప్రకటించాడు. ఆలోచించే శ్రమ తప్పించే రెడీమేడ్ పదబంధాలను అందులో ఏరి చూపాడు. పరిగణన గురించిన మాటలూ వాటిలో ఉన్నాయి. బైబిలులోని ఒక వాక్యాన్ని తీసుకుని, సరదాగా ఆఫీసు ఇంగ్లీషులోకి మార్చాడు కూడా. మూలంలో పరుగు ఉంది, యుద్ధం ఉంది, రొట్టె ఉంది. మార్చిన వాక్యంలో అవన్నీ మాయమై, పరిగణనలూ, లెక్కలోకి తీసుకోవడాలూ మాత్రమే మిగిలాయి. నవ్వు వస్తుంది, కాని నవ్వి వదిలేసే సంగతి కాదు. ఊళ్ళ మీద బాంబులు వేసి దానికి శాంతిస్థాపన అని పేరుపెట్టగలిగేది ఇలాంటి భాషతోనే అన్నది ఆయన వాదం.

‘అకౌంట్’ అంటే పద్దు, ‘బాలెన్స్’ అంటే తక్కెడ. ఒకప్పుడు ఈ మాటలు వాడినవాడు పద్దు చూపవలసిందే, తక్కెడ ఎత్తవలసిందే. ఇప్పుడో, పద్దు దాచి మొత్తం మాత్రం చెప్పడానికి అవి పనికొస్తున్నాయి. మామూలు సంభాషణలో వీటివల్ల నష్టమేమీ లేదు. వానలో జరిగిన పెళ్ళి గురించి ‘ఆల్ థింగ్స్ కన్సిడర్డ్’ బాగానే జరిగిందంటే, ఆ ‘థింగ్స్’ ఏమిటో వినేవాడికి తెలుసు. తెలియనివాడికి, తెలుసుకునే హక్కున్నవాడికి అదే మాట చెప్పి పంపెయ్యడంలోనే ఉంది చిక్కంతా.

ఈ చిక్కు మనకూ సంక్రమించింది. పూర్వాపరాలు, సాధకబాధకాలు, మంచిచెడ్డలు అని మనకు సొంత మాటలున్నాయి. అయినా ఆఫీసు తెలుగులో ‘పరిగణనలోకి తీసుకొని’ అన్న ఇంగ్లీషు నీడే కనబడుతుంది. స్కాలర్‌షిప్పు రెన్యువల్‌కు నేను పెట్టుకున్న అర్జీకి ఒక ఆఫీసునుంచి జవాబొచ్చింది: అన్ని అంశాలూ పరిగణించిన మీదట కుదరదని. ఏ అంశాలు? మా నాన్న ఆదాయమా, నా మార్కులా, గడువు తేదీయా? అది తెలిస్తే కదా మళ్ళీ అర్జీ పెట్టుకోవడం! లేదనడం కన్నా ఎందుకు లేదో చెప్పకపోవడమే ఎక్కువ బాధించింది. యూనియన్ తరఫున మనం రాసే మెమొరాండాలలోనూ ఈ మాటలు తక్కువేం కాదు సుమా.

క్షయవ్యాధితో రక్తం కక్కుకుంటూ, స్కాట్లండు దగ్గరి జురా దీవిలో ‘1984’ పూర్తిచేశాడు ఆర్వెల్. అది 1949 జూన్‌లో వచ్చింది. మాటలను తగ్గించి ఆలోచననే తగ్గించే ప్రభుత్వాన్ని అందులో చూపాడు. 1950 జనవరి 21న లండన్ ఆసుపత్రిలో నలభైయారేళ్ళకే కన్నుమూశాడు. సట్టన్ కోర్టినే గ్రామంలోని సమాధి మీద అసలు పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ మాత్రమే ఉన్నాయి. కీర్తి తెచ్చిన కలంపేరు సైతం అక్కడ లేదు.

రేపు మనలో కొందరం ఆఫీసర్లమవుతాం, కొందరం లెక్చరర్లమవుతాం. ఒకరి అర్జీ మన బల్ల మీదికి వస్తుంది. అన్నీ ఆలోచించాం అని రాయడానికి ముందు ఆ అన్నీ ఏమిటో రెండు వాక్యాల్లో రాయగలిగితే చాలు. రాయలేకపోతే, ఇంకా ఆలోచించలేదనే అర్థం.