బార్న్స్ వాలిస్

ఇంగ్లండు దేశమందలి రిప్లీ పట్టణమున 1887వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన బార్న్స్ వాలిస్ జన్మించెను. ఆయన తండ్రి వైద్యుడు. వాలిస్ క్రైస్ట్స్ హాస్పిటల్‌లో చదివెను. పేరున ఆసుపత్రి యున్నను అది పాఠశాలయే. పదునేడవ యేట చదువు మాని కర్మాగారమున పనికి కుదిరెను. విమానములు నిర్మించుటలో క్రమముగా పేరుగాంచెను.

1939లో రెండవ ప్రపంచయుద్ధము మొదలయ్యెను. జర్మనీలోని రూర్ ప్రాంతపు కర్మాగారములకు నీరు కొన్ని ఆనకట్టల నుండి వచ్చుచుండెను. వానిలో మోనే ఆనకట్ట ఎత్తు 40 మీటర్లు. అడుగున దాని మందము 34 మీటర్లు. అట్టి గోడను కూల్చుటెట్లు? పరిశోధకులు చిన్న నమూనా కట్టలు కట్టి, మందు పెట్టి పేల్చి చూచిరి. దూరమున పేలిన మందు గోడను కదల్పజాలదని తేలెను. 1942 జూలైలో వేల్సునందు వాడుక తప్పిన నాంట్-ఇ-గ్రో ఆనకట్టకు ఆనించి, నీటిలోపల 279 పౌనుల మందును పేల్చిరి. చుట్టునున్న నీరు పేలుడును అదిమిపట్టగా దాని బలము గోడపై పడి, కట్ట నడుమ బ్రద్దలయ్యెను.

కాని బాంబును విమానము నుండి గోడ చెంతకు చేర్చుటెట్లు? నీటిలో ఇనుపవలలు అడ్డముగా నుండెను. చెరువుపై విసరిన చిల్లపెంకు గంతులు వేయుచు పోవుట మీరు చూచియే యుందురు. వాలిస్ తన యింటి పెరటిలో తొట్టినీటిపై గోళీలను ఎగురవేసి ఆ కిటుకును గ్రహించెను. వెనుకకు గిరగిర తిరుగుచున్న బాంబును విడిచినచో, అది వలలపై గంతులు వేసి గోడను తాకి, దాని వెంబడి దిగి, 30 అడుగుల లోతున పేలును. అధికారులు పెక్కురు దీనిని నమ్మలేదు. ఆయన విసుగు చెందక ప్రయోగములు చేసి వారిని ఒప్పించెను.

1943 మే 16వ తేదీ రాత్రి 19 విమానములు బయలుదేరెను. మోనే, ఏడర్ ఆనకట్టలు తెగెను. మట్టితో కట్టిన సోర్పె మాత్రము నిలిచెను. వెళ్లిన 133 మంది వైమానికులలో 53 మంది మరణించిరి. వరదలో వెయ్యిమందికి పైగా కొట్టుకొనిపోయిరి. వారిలో పెక్కుమంది జర్మనులు నిర్బంధించి తెచ్చిన పరదేశపు కూలీలు. యుద్ధముతో వారికేమి సంబంధము?

వైమానికుల మరణమునకు వాలిస్ మిక్కిలి దుఃఖించెను. 1951లో ప్రభుత్వము తనకిచ్చిన 10,000 పౌనుల బహుమానమును, మృతులైన వైమానికుల బిడ్డల చదువుకై తాను చదివిన పాఠశాలకే ఇచ్చివేసెను. ఆయన 1979 అక్టోబరు 30వ తేదీన కన్నుమూసెను.