పాటకు చప్పట్లు, మాటకు రాళ్లు: పాల్ రాబ్సన్ జీవితం

హాస్టల్ వార్షికోత్సవం అంటే మాకు ముందు గుర్తొచ్చేది పాటే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి హాస్టళ్లలో డప్పు పట్టని బ్యాచ్ ఉండదేమో. నైజాం పాలన మీద పాట కట్టిన బండి యాదగిరి, గొల్లసుద్దులతో ఊళ్లను కదిలించిన సుద్దాల హనుమంతు ఈ ప్రాంతపు పోరాటంలోంచి వచ్చినవాళ్లే. అయినా స్టేజీ మీద మాలో ఎవరైనా పాట ఆపి నాలుగు మాటలు మాట్లాడితే, పాడి దిగిపో, రాజకీయాలు నీకెందుకు అనే పెద్దలున్నారు. పేపర్లలోనూ అదే ధోరణి. అందుకే ఈ సంచికకు పాల్ రాబ్సన్ జీవితాన్ని ఎంచుకున్నాము.

రాబ్సన్ 1898 ఏప్రిల్ 9న అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టారు. తండ్రి బానిసగా పుట్టి, తప్పించుకుని పారిపోయి, చదువుకుని పాస్టరయ్యారు. తల్లి అగ్నిప్రమాదంలో చనిపోయేనాటికి పిల్లవాడికి ఆరేళ్లు నిండలేదు. స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గి రట్గర్స్ కాలేజీలో చేరినప్పుడు అక్కడ నల్లజాతి విద్యార్థి ఆయనొక్కరే. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోకి వెళితే తోటి ఆటగాళ్లే ముక్కు పగలగొట్టారు. ఆ జట్టు నుంచే 1917, 1918లో దేశంలోని మేటి ఆటగాళ్ల జాబితాకెక్కారు. 1923లో కొలంబియాలో లా పూర్తిచేసి ఆఫీసులో చేరితే, ఆయన చెప్పింది రాసుకోనని తెల్ల స్టెనో మొండికేసింది. ఉద్యోగాలలో చేరిన మా సీనియర్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆయన వకీలు పని వదిలి నాటకం, పాట వైపు వచ్చారు.

1928లో లండన్‌లో షో బోట్ నాటకంలో ఆయన పాడిన మిసిసిపి నది పాట ప్రపంచమంతా తిరిగింది. మన భూపేన్ హజారికా గంగ పాటకు ప్రేరణ అదే. లండన్ వీధుల్లో పాడుతూ వెళ్తున్న వేల్స్ బొగ్గు కార్మికులతో అప్పట్లోనే కలిసిన స్నేహం చివరిదాకా నిలిచింది. 1940లో ప్రౌడ్ వ్యాలీ సినిమాలో గని కార్మికుడిగా నటించారు. బాయి పని చేసే ఇళ్ల నుంచి వచ్చిన భూపాలపల్లి తమ్ముళ్లు ఈ సినిమా దొరికితే తప్పక చూడాలి.

అప్పటిదాకా పత్రికలు ఆయన గొంతును ఆకాశానికెత్తాయి. 1949 ఏప్రిల్‌లో పారిస్ శాంతి సభలో ఆయన మాట్లాడారు. ఆ మాటలు తంతి వార్తగా అమెరికా చేరేసరికి మారిపోయాయని తర్వాత పరిశోధకులు చూపించారు. అప్పుడు సరిచూసుకున్నవాళ్లు తక్కువ. దేశద్రోహి అన్న ముద్ర పడింది. నల్లజాతి నాయకులు కొందరు కూడా దూరం జరిగారు. బేస్‌బాల్ వీరుడు జాకీ రాబిన్సన్ పార్లమెంటరీ కమిటీ ముందు ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చి, 1972లో తన ఆత్మకథలో ఆయన మీద గౌరవం పెరిగిందని రాసుకున్నారు.

ఆగస్టు 27న పీక్‌స్కిల్ దగ్గర ఆయన కచేరీని అల్లరిమూక జరగనివ్వలేదు. సెప్టెంబర్ 4న సుమారు 20,000 మంది వచ్చి విన్నారు. తిరిగి వెళ్తుంటే బస్సులమీద, కార్లమీద రాళ్లు పడి 140 మందికి పైగా గాయపడ్డారు. తర్వాత హాళ్లు దొరకలేదు, రేడియో తలుపులు మూసుకుంది. ఏడాదికి లక్ష డాలర్లు దాటిన సంపాదన కొన్ని వేలకు పడిపోయింది. 1950లో పాస్‌పోర్టు లాక్కున్నారు.

స్టాలిన్ కాలపు అకృత్యాల మీద ఆయన బహిరంగంగా నోరు విప్పలేదు. తెలిసీ ఊరుకోవడం మాకు మింగుడుపడని విషయం. అయితే పత్రికలు శిక్షించింది ఆ మౌనానికి కాదు, మాట్లాడినందుకు.

1957లో వేల్స్ కార్మికుల పండుగకు ఆయన వెళ్లలేకపోయారు. న్యూయార్క్ నుంచి సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ తీగ మీద పాడితే పోర్త్‌కాల్‌లో వేలమంది విని, తిరిగి ఆయన కోసం పాడారు. మేము ఎక్కువసార్లు చెప్పుకునే ఘట్టం ఇదే. మరుసటేడు ఆయన అరవయ్యో పుట్టినరోజును మన దేశంలోనూ జరిపారు. నెహ్రూ మద్దతు ప్రకటించారు. అదే 1958లో పాస్‌పోర్టు తిరిగొచ్చింది. కానీ ఆరోగ్యం దెబ్బతిని, చివరి సంవత్సరాలు ఫిలడెల్ఫియాలో అక్క ఇంట్లో గడిపి 1976 జనవరి 23న కన్నుమూశారు.

ఆ ఫుట్‌బాల్ జాబితా సంగతి మిగిలింది. ఆయన మీద దుమారం రేగిన రోజుల్లో అచ్చయిన ఒక ఆటల పుస్తకంలో 1918 మేటి జట్టుకు పదకొండు మందికి బదులు పదిమంది పేర్లే వేశారు. కాలేజీ ఫుట్‌బాల్ ప్రముఖుల వరుసలో ఆయన పేరు చేర్చింది 1995లో.