చివరి మడి దాకా

 

కాలువల పనుల్లో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ని. శంకుస్థాపన రోజున జనం ఉంటారు, దండలుంటాయి, డప్పులుంటాయి. పని నూటికి తొంభై పాళ్లు అయ్యేసరికి చూడ్డానికి ఎవరూ రారు. కాని పిల్లకాలువలు, తూములు ఉండేది మిగిలిన ఆ పది పాళ్లలోనే. అవి పూర్తి కాకపోతే పైన ఎంత తవ్వినా చివరి రైతు మడి తడవదు. చేసేవాళ్లకు అలసట వచ్చేది కూడా సరిగ్గా అక్కడే.

చేపట్టిన ప్రతి పనినీ ఆ చివరి మడి దాకా నడిపించిన మన పాలమూరు మనిషి ఒకాయన ఉన్నారు. సురవరం ప్రతాపరెడ్డి గారు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం మనందరం చూసిందే. ఆయన ఎంత గొప్పవారో చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన పని ఎలా ముగించేవారన్నదే ఇక్కడ నా విషయం.

ఆయన 1896 మే 28న పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నడిగడ్డ ప్రాంతం అది. అప్పటికి నిజాం రాజ్యం. తుంగభద్ర దాటితే కర్నూలు, ఇంగ్లీషువాళ్ల ఏలుబడి. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో చిన్నాన్న దగ్గర కర్నూలులో చదువుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఎ., తిరువనంతపురంలో బి.ఎల్. పూర్తిచేశారు. వకీలుగా నాలుగు రాళ్లు సంపాదించుకుని హాయిగా బతకగల చదువు అది. కొన్నాళ్లు ఆ వృత్తి చేశారు కూడా. హైదరాబాదులో కొత్వాలు రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి గారు స్థాపించిన రెడ్డి హాస్టలు బాధ్యతలు చూశారు. పల్లెల నుంచి చదువుకోసం వచ్చిన పిల్లలకు అది ఆసరా.

1926లో గోల్కొండ పత్రిక పెట్టారు. వారానికి రెండుసార్లు వచ్చే తెలుగు పత్రిక. ఆనాటి పరిస్థితి మనం గుర్తుచేసుకోవాలి. రాజభాష ఉర్దూ, బడుల్లో చదువు ఉర్దూలో. తెలుగు చదవగలిగినవాళ్లే తక్కువ, డబ్బిచ్చి పత్రిక కొనేవాళ్లు ఇంకా తక్కువ. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. అంతకు నాలుగేళ్ల ముందు, 1922లో, మన నల్లగొండ నుంచి నీలగిరి, వరంగల్లు వైపు ఇనుగుర్తి నుంచి తెలంగాణ అనే పత్రికలు ఎంతో ఉత్సాహంతో మొదలయ్యాయి. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు.

గోల్కొండ నిలిచింది. ఎలా నిలిచిందంటే, సంపాదకీయం రాసేది ఆయనే, ప్రూఫులు దిద్దేది ఆయనే. చందాల లెక్క చూడటం, చిరునామాలు రాసి పత్రికలు పోస్టుకు పంపడం కూడా చాలాసార్లు ఆయన చేతి మీదుగానే జరిగేవి. సంపాదకీయానికి పేరొస్తుంది. చిరునామా రాసినందుకు పేరు రాదు. కాని చిరునామా రాయకపోతే సంపాదకీయం పల్లెకు చేరదు. సంచిక వెళ్లిపోయిన మర్నాడే తర్వాతి సంచిక పని. వారానికి రెండుసార్లు, ఏళ్ల తరబడి. ఈ మధ్యలోనే, 1930లో, జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు.

ఆ రోజుల్లోనే తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వచ్చింది. మనలో ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఘాటుగా నాలుగు పేజీలు రాసి పడేస్తాం, వారం తిరిగేసరికి మరిచిపోతాం. కోపానికి ఆయుష్షు తక్కువ. ప్రతాపరెడ్డి గారు ఆ కోపాన్ని లెక్క పెట్టగలిగిన పనిగా మార్చుకున్నారు. ఊరూరా ఉన్న కవుల పేర్లు, వివరాలు, పద్యాలు సేకరించడం మొదలుపెట్టారు. ఫోన్లు లేని పల్లెలు, రోడ్లు సరిగా లేని తాలూకాలు. ఉత్తరం రాయాలి, జవాబు కోసం చూడాలి, వచ్చింది సరిచూడాలి, అచ్చుకు సిద్ధం చేయాలి. వాదనలో గెలవడానికి యాభై పేర్లు చూపిస్తే సరిపోయేది. 1934లో గోల్కొండ కవుల సంచిక వెలువడేనాటికి అందులో 354 మంది కవులున్నారు. ఆ పట్టిక ముందు వాదన ఏం నిలుస్తుంది? అంతకంటే ముఖ్యం, పేరు అచ్చులో చూసుకుంటామని కలలో కూడా అనుకోని పల్లెటూరి కవి ఆ పుస్తకంలో మిగిలిపోయాడు.

ఇక ఆంధ్రుల సాంఘిక చరిత్ర. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు అనుకునే కాలంలో మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ పంటలు పండించారు అన్నది రాయాలనుకున్నారు. దానికి ఎక్కడా తయారు సామగ్రి లేదు. అందుకని పాత కావ్యాలనే తవ్వారు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి, ఇలా ఒక్కొక్కటీ చదువుతూ, వర్ణనల మధ్య దాగిన ఒక వంటకం పేరు, ఒక నగ పేరు, ఒక ఆట పేరు ఏరుకున్నారు. కావ్యమంతా చదివినా పనికొచ్చే మాటలు కొన్నే దొరకవచ్చు. తూర్పు చాళుక్యుల కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి దాకా, ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన జనజీవితాన్ని ఇలా గింజ గింజ పోగేసి నిలబెట్టారు.

పుస్తకం 1949లో వచ్చింది. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారం ఈ పుస్తకానికే వచ్చింది. అది చూడటానికి ఆయన లేరు. ఇవాళ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం ఆయన పేరు మీదే ఉంది.

ఈ సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. పుస్తకానికీ మరణానికీ మధ్య నాలుగేళ్లు. పత్రిక పనితో అలసిపోయాను, ఇంకో ఐదేళ్లు ఆగి తీరిగ్గా రాద్దామని ఆయన అనుకుని ఉంటే, ఆ ఏరిన గింజలన్నీ చిత్తు కాగితాలై పోయేవి. అలసట లేని మనిషి ఉండడు. ఆయన రోజులో ఎన్ని బరువులున్నాయో పైన చూశాం. అలసట తీరాక పని చేద్దామని ఆయన ఆగలేదు. ఆ రోజుకు చేయగలిగినంత చేసి, మర్నాడు మళ్లీ అక్కడి నుంచే అందుకున్నారు.

మన బ్యాచ్ వాళ్లం ఇప్పుడు ఆ యాభై మూడుకు అటూ ఇటూ ఉన్నాం. మోకాళ్ల నొప్పులు, షుగరు మాత్రలు, పిల్లల పెళ్లిళ్లు, ఎవరి బరువులు వాళ్లకున్నాయి. మన సంఘం చేతిలో ఒక పని సగంలో ఉంది. మొదటి బ్యాచ్ నుంచి ఈ బడిలో చదివినవాళ్ల, చదువు చెప్పినవాళ్ల పేర్ల పట్టిక. పట్నంలో ఉన్నవాళ్ల పేర్లు తేలిగ్గానే వచ్చాయి. మిగిలినవి పల్లెల్లో ఉన్నవాళ్లవి, పదో తరగతి దాకా రాకుండానే పశువుల వెంట, పొలాల వెంట, బొంబాయి పనులకు వెళ్లిపోయినవాళ్లవి. ఆ పాత బ్యాచ్‌ల ముఖాలు గుర్తుపట్టగల గురువులు ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు. వారానికి ఒక ఊరు, ఆదివారం ఒక పూట చాలు. నా వంతుగా మూడు ఊళ్లు రాసుకున్నాను. మీ ఊళ్లేవో చెప్పండి.