లోకనాయకుని చివరి చెర

జయప్రకాశ్ నారాయణ్ 1902 అక్టోబరు 11న గంగా ఘాఘ్రా నదుల సంగమ ప్రాంతంలోని సితాబ్ దియారా గ్రామంలో జన్మించారు. ఇరవయ్యవ ఏట అమెరికా వెళ్లి, పొలాలలోనూ కర్మాగారాలలోనూ కూలిపని చేసుకుంటూ ఏడేళ్లు విద్యాభ్యాసం సాగించారు. 1942లో దీపావళి నాటి రాత్రి హజారీబాగ్ కారాగారపు గోడ దూకి తప్పించుకున్న సాహసి ఆయన. 1974లో పాట్నా గాంధీ మైదానంలో సంపూర్ణ విప్లవానికి పిలుపునిచ్చి లోకనాయకుడయ్యారు. ఇవన్నీ చరిత్ర గ్రంథాలలో విస్తారంగా ఉన్న విషయాలే. ఏ గోడా దూకి తప్పించుకోలేని మరొక చెరలో ఆయన గడిపిన చివరి నాలుగేళ్ల గురించి మాత్రం తక్కువమందికి తెలుసు.

1975 జూన్ 26 తెల్లవారుజామున, అత్యవసర పరిస్థితి ప్రకటించిన వెంటనే, ఢిల్లీలో ఆయనను నిర్బంధించారు. అధికకాలం చండీగఢ్‌లోని వైద్యసంస్థలో ఒంటరిగా ఉంచారు. అప్పటికే ఆయన మధుమేహ పీడితులు. ఆరోగ్యం నానాటికీ క్షీణించడంతో నవంబరు 12న పెరోలుపై విడుదల చేశారు. కొద్దిరోజులకే బొంబాయి జస్లోక్ ఆసుపత్రికి తరలించగా, రెండు మూత్రపిండాలూ తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతిన్నట్లు తేలింది. నిర్బంధంలో సరైన వైద్యం అందలేదన్న అనుమానం దేశమంతటా వ్యాపించింది. డయాలసిస్ యంత్రమే ఇక ఆయనకు ప్రాణాధారమైంది.

నేడు ఈ వ్యాధిని ముందుగా గుర్తించిన రోగికి సిద్ధపడడానికి కొన్ని నెలల వ్యవధి దొరుకుతుంది. వైద్యులు చేతిలోని ధమనిని సిరతో కలిపి ఫిస్టులా ఏర్పరుస్తారు. అది బలపడి సూదికి అనువుగా మారడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ చేతికి రక్తపోటు చూడకూడదు, రక్తం తీయకూడదు, బరువులు మోయించకూడదు. జయప్రకాశ్‌కు అటువంటి వ్యవధి దొరకలేదు. ఆయన జీవితసహచరి ప్రభావతి 1973లోనే క్యాన్సర్‌తో మరణించారు. డెబ్బై మూడేళ్ల వయసులో, సహధర్మచారిణి తోడు లేకుండా, ఆయన ఈ కొత్త జీవితాన్ని నేర్చుకోవలసి వచ్చింది.

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు రాత్రింబవళ్లు పనిచేస్తాయి. యంత్రం సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలపాటు మాత్రమే రక్తాన్ని శుద్ధి చేస్తుంది. మిగిలిన గంటలన్నిటిలో తాగిన నీరు, తిన్న ఉప్పు, చేరిన మలినాలు శరీరంలోనే నిలిచిపోతాయి. పథ్యమంతా ఈ లెక్క మీదనే ఆధారపడి ఉంది. అంతకుముందు రోజు వచ్చిన మూత్రానికి అర లీటరు కలిపి, ఆ మేరకే ద్రవాలు తీసుకోమంటారు. పులుసు, మజ్జిగ, కాఫీ కూడా ఆ కొలతలోనివే. ఊరగాయలను దూరం పెట్టాలి. రోగిని చూడబోయేవారు ప్రేమతో తీసుకువెళ్లే కొబ్బరిబొండాలు, బత్తాయిలు, అరటిపండ్లు అతనికి హాని చేస్తాయి. వాటిలోని పొటాషియం రక్తంలో మితిమీరితే గుండె ఆగిపోవచ్చు. కూరగాయలను ఉడికించి, ఆ నీటిని పారబోసి వండుకోవాలి. యంత్రం మీదికి రాకముందు పప్పు, మాంసకృత్తులు తగ్గించమన్న వైద్యులే, వచ్చిన తరువాత పెంచమంటారు. ఈ మార్పుకు కారణం వివరించకపోతే రోగి గందరగోళంలో పడతాడు. ఇవేవీ చెప్పకుండా రోగిని యంత్రం దగ్గర పడుకోబెట్టడం సగం వైద్యమే.

ఆ రోజులలో మన దేశంలో ఈ చికిత్స అరుదైనది, మిక్కిలి ఖరీదైనది. ఆయనకొక యంత్రం కొనడానికి అభిమానులు చందాలు సేకరించారు. ప్రధాని ఇందిరాగాంధీ సహాయనిధి నుండి తొంభై వేల రూపాయలు పంపగా, ఆయన స్వీకరించలేదు. ప్రాణం నిలిపే యంత్రానికి వచ్చిన సొమ్మును కాదనడం తేలిక కాదు. అయినా ఆమెపై ఆయన వ్యక్తిగత ద్వేషం పెంచుకోలేదు. 1977 మార్చిలో ఆమె ఎన్నికలలో ఓడిపోయిన తరువాత స్వయంగా ఇంటికి వెళ్లి పరామర్శించారు.

ఆ ఎన్నికలకు ముందు, వైద్యుల హెచ్చరికలున్నా, ఆయన కొన్ని నగరాలలో సభలకు హాజరయ్యారు. ఎక్కడికి వెళ్లినా డయాలసిస్ వేళకు తిరిగి రావలసిందే. కోట్లాది ప్రజలను కదిలించిన నాయకుని ప్రయాణాలకు ఒక యంత్రం ముహూర్తం నిర్ణయించేది. అదే ఏడాది చికిత్స నిమిత్తం సియాటిల్ వెళ్లి వచ్చారు. 1960లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టంతో షంట్‌ను రూపొందించి, దీర్ఘకాలిక రోగులకు పదేపదే డయాలసిస్ చేయడానికి మార్గం తెరిచిన నగరమది. విద్యార్థిగా శ్రమించిన దేశానికే ఆయన రోగిగా మళ్లీ వెళ్లారు.

1979 మార్చిలో ఆయన జస్లోక్‌లో ఉండగా, మరణించారన్న తప్పుడు వార్త లోక్‌సభలో ప్రకటితమైంది. సభ్యులు సంతాపం తెలిపారు. ఆయన మాత్రం జీవించే ఉన్నారు. తిరిగి పాట్నా చేరుకుని, అక్టోబరు 8న తమ నివాసంలో కన్నుమూశారు. డెబ్బై ఏడేళ్లు నిండడానికి అప్పటికి మూడు రోజులే ఉంది.