ఆర్కిమిడీస్: పసిడిని నీటితో పరీక్షించిన పండితుడు

బంగారపు మేలిమిని తెలిసికొనుటకు మన కంసాలులు తరతరములుగా ఒరగల్లును వాడుచున్నారు. ఒరగల్లుపై పడిన గీత నగ పైపొర సంగతి చెప్పును గాని లోపలి సంగతి చెప్పజాలదు. నగను కోయక, కరగింపక లోపలి కల్తీని కనిపెట్టు మార్గముతో పేరు పెనవేసికొనిన మహనీయుడు గ్రీకు పండితుడగు ఆర్కిమిడీస్.

ఇతడు క్రీ.పూ. 287 ప్రాంతమున సిసిలీ ద్వీపమందలి సిరక్యూస్ నగరమున జన్మించెను. తండ్రి ఫీడియాస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఈజిప్టునందలి అలెగ్జాండ్రియా పండితులతో ఇతనికి మైత్రి కలదు. తన సిద్ధాంతములను లేఖల మూలమున వారికి తెలుపుచుండెను. వారిలో ఎరతోస్తనీస్ అచటి ప్రఖ్యాత గ్రంథాలయమునకు అధిపతి.

సిరక్యూస్ రాజగు రెండవ హైరో దేవతలకు మ్రొక్కుబడిగా స్వర్ణ కిరీటమును చేయించెనట. తూకము సరిపోయెను. అయినను పనివాడు కొంత బంగారమును హరించి, అంత వెండిని కలిపెనని రాజునకు అనుమానము కలిగెను. దేవతలకు అర్పింపవలసిన కిరీటమును చెరుపరాదు. రుజువు లేక పనివానిని దండింపరాదు. ఈ చిక్కు ఆర్కిమిడీస్ ముందునకు వచ్చెను. స్నానపు తొట్టిలో దిగినపుడు నీరు పొర్లుట చూడగా ఆయనకు ఉపాయము తోచెను. కిరీటముతో సమానమగు బరువుగల బంగారమును, వెండిని వేర్వేరుగా నిండు పాత్రలో ముంచి చూచెను. కిరీటము ఆ బంగారము కంటె ఎక్కువ నీటిని పొర్లించుటతో కల్తీ బయటపడెను.

ఇందలి కీలకము సాంద్రత. ఒక ఘన సెంటీమీటరు బంగారము 19.3 గ్రాములు తూగగా, వెండి 10.5 గ్రాములే తూగును. కావున 1000 గ్రాముల మేలిమి బంగారము సుమారు 52 ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమించును. అందు 300 గ్రాములు వెండియైనచో సుమారు 65 ఘన సెంటీమీటర్లు కావలయును.

ఈ కథను దాదాపు రెండు శతాబ్దుల తరువాత రోమను శిల్పశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ వ్రాసెను. ఆర్కిమిడీస్ గ్రంథములలో ఇది కానరాదు. 20 సెంటీమీటర్ల వెడల్పుగల గుండ్రని పాత్రలో పై రెండింటికిని నీటిమట్టపు భేదము అర మిల్లీమీటరైనను ఉండదు. అందుచే 1586లో గెలీలియో త్రాసు పద్ధతిని సూచించెను. నీట మునిగిన వస్తువు, తాను తొలగించిన నీటి బరువంత తన బరువును కోల్పోవునను సూత్రము ఆర్కిమిడీస్ రచించినదే. నీటిలో తూచినచో మేలిమి బంగారము 948 గ్రాములు, కల్తీది 935 గ్రాములు తూగును. ఈ 13 గ్రాముల భేదమును మామూలు త్రాసే పట్టగలదు. అయితే రాళ్లు పొదిగిన నగలకు, బోలు నగలకు ఈ పరీక్ష పనికిరాదు. టంగ్‌స్టన్ లోహపు సాంద్రత బంగారమునకు ఇంచుమించు సమానము. దాని కల్తీని ఇది పట్టజాలదు.

రోమనులు సిరక్యూస్‌ను ముట్టడించినపుడు ఆర్కిమిడీస్ నిర్మించిన యంత్రములు వారి నౌకలను చాలకాలము నిలువరించెను. క్రీ.పూ. 212లో నగరము లొంగిపోయెను; ఒక సైనికుని చేతిలో ఆ వృద్ధుడు మరణించెను. క్రీ.పూ. 75లో సిసిరో వెదకి చూచునప్పటికి ఆయన సమాధిని ముండ్లపొదలు కప్పియుండెను.

ఆయన గ్రంథమునకును అట్టి గతియే పట్టెను. పదవ శతాబ్దిలో వ్రాసిన తోలు ప్రతిని పదమూడవ శతాబ్దిలో గీకివేసి, దానిపై ప్రార్థనలు వ్రాసిరి. 1906లో హైబర్గ్ పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో ఆ ప్రార్థనల అడుగున మాసిన అక్షరములను చదివెను. తేలు వస్తువులను గూర్చిన ఆయన గ్రంథము మూలమగు గ్రీకు భాషలో నిలిచినది ఆ ఒక్క ప్రతియందే. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను చెదపురుగునుండి, తేమనుండి కాపాడుచు వచ్చిన మన గ్రంథాలయ సేవకుల శ్రమ ఎంత విలువైనదో ఈ మహనీయుని చరిత్ర తెలుపుచున్నది.